చూస్తే అర్థమవుతోంది, చేతికి రావడం లేదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 38. అకౌంట్స్ సెక్షన్‌లో ఉద్యోగం. ఎక్సెల్ బాగా వస్తే ప్రమోషన్‌కి పనికొస్తుందని ప్రతి ఆదివారం నాలుగైదు గంటలు కూర్చుని వీడియోలు చూస్తున్నారు. చూస్తున్నంతసేపూ అంతా అర్థమవుతోంది. సోమవారం ఆఫీసులో షీటు తెరిస్తే చెయ్యి కదలడం లేదు. నెల తిరిగేసరికి ఏం నేర్చుకున్నారో కూడా గుర్తుండటం లేదు. ఇది వయసు వల్లా, త్వరగా నేర్చుకుని ఎక్కువకాలం గుర్తుంచుకునే పద్ధతి ఏదైనా ఉందా అని అడిగారు.

నేను 26 ఏళ్లు టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పాను. మొదట మిషన్ల మీద, తర్వాత కంప్యూటర్ల మీద. పదో తరగతి రాసి సెలవుల్లో వచ్చిన పిల్లలు, రిటైర్మెంటుకు దగ్గరపడిన గుమాస్తాలు, పెళ్లయి పిల్లలు బడికి వెళ్లాక వచ్చిన గృహిణులు, అందరూ అదే బెంచీ మీద, అదే పాఠం నేర్చుకున్నారు. ఒకే విద్యను ఇంతమంది నేర్చుకోవడం ఏళ్ల తరబడి పక్కన నిలబడి చూస్తే ఎవరికి ఎందుకు వస్తుందో, ఎందుకు రాదో కొంత తెలుస్తుంది. ఆ నమ్మకంతో చెప్తున్నాను. మీ బుర్రలో లోపమేమీ లేదు. మీరు ఆదివారాలు చేస్తున్నది చూడటం. నేర్చుకోవడం ఇంకా మొదలవలేదు.

మన చిన్నప్పుడు బడిలో రెండు మాటలుండేవి. వల్లె వేయడం, అప్పజెప్పడం. పుస్తకం ముందు పెట్టుకుని పదిసార్లు చదివితే వల్లె వేయడం. పుస్తకం మూసి, మాస్టారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చెబితే అప్పజెప్పడం. పదమూడో ఎక్కం వల్లె వేసేటప్పుడు ఎవరమూ ఎక్కడా ఆగం. అప్పజెప్పేటప్పుడు మాత్రం పదమూడేళ్ల దగ్గర గొంతు ఆగిపోతుంది. ఆగి, లోపల వెతుక్కుని, చెమటలు పట్టి, తొంభై ఒకటి అని బయటికి తీస్తాం చూడండి, అప్పుడు పడుతుంది ముద్ర. అప్పజెప్పడం అంటే వచ్చిందో లేదో చూసే పరీక్ష అని మనందరం అనుకున్నాం. నిజానికి చదువు పట్టేది అక్కడే.

ఇది నా ఊహ కాదు. 2006లో అమెరికాలో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక చిన్న పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక్క విడతే చదివి, మిగిలిన మూడు విడతలూ కాగితం మూసేసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతం గుర్తుంది. రాసినవాళ్లకు 71 శాతమే. వారం తర్వాత అడిగితే తలకిందులైంది. చదివినవాళ్లకు 40 శాతం మిగిలింది, రాసినవాళ్లకు 61 శాతం. మీ ఆదివారం సాయంత్రం, మీ సోమవారం ఉదయం రెండూ ఈ అంకెల్లో ఉన్నాయి. వీడియో అయిపోగానే 'వచ్చేసింది' అనిపిస్తుంది. ఆ క్షణానికి అది నిజమే. కానీ ఆ అనుకోవడాన్ని నమ్మి పక్కకు జరగడం వల్లే తర్వాత చేతులు ఖాళీగా ఉంటున్నాయి.

కాబట్టి వీడియోను ముక్కలు చేయండి. ఏడెనిమిది నిమిషాలు చూసి ఆపేయండి. ఫోను బోర్లించి, ఖాళీ షీటు తెరవండి. వీలుకప్ నేర్చుకున్నారనుకుందాం, అంటే పట్టికలో ఒక పేరును వెతికి దానికెదురుగా ఉన్న అంకె తెచ్చిపెట్టే ఫార్ములా. వీడియోలో వాళ్లిచ్చిన ఫైలు వద్దు. మీ ఆఫీసులో వాడే పది సరుకుల పేర్లు, వాటి రేట్లు మీరే కొట్టండి. పక్కన నాలుగు పేర్లు రాసి, వాటి రేటు తెప్పించండి. తప్పులొస్తాయి, రావాలి. ఫార్ములాను కిందికి లాగగానే నాలుగో గడిలో 'దొరకలేదు' అన్న ఎర్రర్ వస్తుంది. ఎందుకో వెంటనే వీడియోలో వెతక్కండి. రెండు మూడు నిమిషాలు మీరే తంటాలు పడండి. కిందికి లాగినప్పుడు పట్టిక హద్దు కూడా ఒక్కో వరుస కిందికి జారిపోయిందని కనిపిస్తుంది. ఎఫ్4 నొక్కి డాలర్ గుర్తుతో హద్దు బిగించాలని అప్పుడు గుర్తొస్తుంది. గుర్తు రాకపోయినా ఫర్వాలేదు, అప్పుడు వీడియో చూడండి. వెతికి వెతికి చూసిన జవాబు, ఊరికే కంటబడిన జవాబు ఒకటి కావు. రెండోసారి ఫార్ములా చివర, పేరు అచ్చంగా అదే ఉండాలని చెప్పే సున్నా పెట్టడం మర్చిపోతారు. చాలాసార్లు ఎర్రర్ రాదు, తప్పు రేటు వస్తుంది. అది ఇంకా ప్రమాదం. దాన్ని మీ కళ్లతో ఒకసారి చూస్తే ఆ సున్నా మళ్లీ మర్చిపోవడం కష్టం.

మా ఇన్‌స్టిట్యూట్‌లో ఇదే పని తువాలుతో చేయించేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్లందరూ అక్షరాలు చూసి కొడతారు. ఏ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్ అని ఎడమ చేయి, సెమికోలన్, ఎల్, కె, జె, హెచ్, జె అని కుడి చేయి. మూడో రోజు చేతుల మీద తువాలు కప్పేవాణ్ణి. అందరికీ కోపం వచ్చేది. నిన్న గడగడ కొట్టినవాళ్లు ఈరోజు అక్షరానికి ఒకసారి ఆగేవాళ్లు. 'నిన్నటికన్నా పాడైపోయింది సార్' అనేవాళ్లు. పాడవలేదు. నిన్న కళ్లు చేసిన పని ఈరోజు వేళ్లు చేస్తున్నాయి. నేర్చుకునే దారిలో ఇలా వెనక్కి వెళ్లినట్టనిపించే చోట్లు నాలుగైదు వస్తాయి. అక్కడ మానేసినవాళ్లే ఎక్కువ. తెలివి తక్కువై మానేసినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

ఇప్పుడు మీ ఆదివారం సంగతి. వారానికి ఐదు గంటలు మీ దగ్గర ఉన్నాయి. వాటిని ఒక్క రోజున కుప్ప పోస్తున్నారు. ఆ ఐదు గంటలనే రోజుకు నలభై నిమిషాల చొప్పున పరిచేస్తే వచ్చే ఫలితం వేరు.

దీని మీద టైపు నేర్పేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన ప్రయోగం ఒకటుంది. బ్రిటన్‌లో ఉత్తరాల మీద పోస్ట్‌కోడ్‌ను మిషన్‌లో కొట్టి వేరుచేసే పద్ధతి వచ్చినప్పుడు పోస్ట్‌మెన్‌కు కీబోర్డు నేర్పాల్సొచ్చింది. బ్యాడ్లీ, లాంగ్‌మన్ అనే పరిశోధకులు వాళ్లను నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు ఒక్క గంట. ఇంకో జట్టుకు రోజుకు రెండు గంటల చొప్పున రెండుసార్లు, అంటే నాలుగు గంటలు. మిగతా రెండు జట్లూ రోజుకు రెండేసి గంటలు. 1978లో ఫలితాలు అచ్చయ్యాయి. కీబోర్డు చేతికి రావడానికి రోజుకు గంట కూర్చున్నవాళ్లకు మొత్తం దాదాపు 35 గంటలు పట్టింది. నాలుగు గంటలు కూర్చున్నవాళ్లకు దాదాపు 50 గంటలు. పదిహేను గంటల తేడా! అయితే అందులో నాకు అంతకన్నా ముఖ్యమనిపించిన విషయం ఇంకొకటుంది. అందరికన్నా అసంతృప్తిగా ఉన్నది ఆ గంట జట్టువాళ్లే. రోజుల లెక్కన చూసుకుంటే తామే వెనకబడ్డామని వాళ్లకు అనిపించింది.

నేను ఈ ప్రయోగం గురించి చదవకముందే దాన్ని నా కళ్లతో చూశాను. ఒక ఏడాది ఇద్దరు ఒకే వారంలో చేరారు. ఒకమ్మాయి డిగ్రీ కాలేజీకి వెళ్లే ముందు పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర వరకు వచ్చేది. ఒకాయన టైపు లోయర్ గ్రేడ్ పరీక్ష దగ్గరపడిందని సెలవు పెట్టి పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కూర్చునేవాడు. పదిహేనో రోజున ఆయన వేగం ఎక్కువ. ఆ అమ్మాయి దిగులుపడింది. ఆయన మాత్రం నాలుగో గంటకు వచ్చేసరికి వేళ్లు అలిసి, తప్పు మీద తప్పు కొట్టి, ఆ తప్పులనే చేతికి అలవాటు చేసుకునేవాడు. మర్నాడు వాటిని విప్పుకోవడానికే మొదటి గంట పోయేది. ఇప్పుడు ఎవరైనా రోజంతా కూర్చుంటానంటే ఒప్పుకోను. గంట చాలు, ఇంటికి వెళ్లండి అంటాను.

మధ్యలో వచ్చే రాత్రి కూడా పని చేస్తుంది. సాయంత్రం ఎంతకీ కుదరని పంక్తి పొద్దున వచ్చి కొడితే దానంతటదే జారిపోవడం మా విద్యార్థులందరికీ అనుభవమే. కొత్త విషయం నేర్చుకున్న రాత్రి నిద్ర తగ్గించి చదవడమంటే చేతిలో ఉన్నది పారబోసుకోవడమే.

తప్పుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ సమయం వృథా అయ్యేది ఇక్కడే. ఇంగ్లీషు టైపులో 'మినిమమ్' అనే మాట ఉంది. చూడటానికి చిన్నది. ఏడు అక్షరాలూ కుడిచేతివే. ఎమ్, ఎన్, యు మూడూ చూపుడు వేలే కొట్టాలి, మధ్యలో ఐ కోసం మధ్యవేలు లేవాలి. చూపుడు వేలు కింది వరుస నుంచి పైకి, పై నుంచి కిందికి ఉరుకుతుంటుంది. ఎడమచేయి ఖాళీగా కూర్చుంటుంది. పాసేజీలో ఆ మాట రాగానే విద్యార్థి తడబడతాడు. ఏం చేస్తాడు? పాసేజీ మొత్తం మళ్లీ మొదటి నుంచి కొడతాడు. పదిసార్లు కొడతాడు. అంటే వచ్చిన మూడొందల మాటలు పదిసార్లు, రాని మాట పదిసార్లే, అది కూడా పదిసార్లూ తప్పుగానే. అభ్యాసం చేశానన్న తృప్తి మిగులుతుంది, ఆ మాట మాత్రం అలాగే ఉంటుంది.

నేను పాసేజీ తీసేసుకునేవాణ్ణి. ఆ ఒక్క మాట, టేబుల్ మీద పెన్సిల్‌తో తాళం వేస్తుంటే, దెబ్బకొక అక్షరం. నత్తనడక. ఐదుసార్లు వరసగా తప్పు లేకుండా వస్తేనే తాళం కొంచెం పెంచడం. ఆరోసారి తప్పితే మళ్లీ కిందికి. తర్వాత దానికి ముందు మాట, వెనక మాట కలిపి మూడు మాటలు. తర్వాత పంక్తి. అప్పుడు పాసేజీ. ఇదంతా పది పన్నెండు నిమిషాలు. వీణ నేర్చుకున్నవాళ్లకు ఇది కొత్త కాదు, సరళీ స్వరాలు మొదటి కాలంలో, అంటే నిదానమైన వేగంలో, నిలబడ్డాకే రెండో కాలం, మూడో కాలం. వేగం కోసం వేగంగా కొట్టేవాళ్లకు వేగం రాదు. నెమ్మదిగా, తప్పు లేకుండా కొట్టిందే తర్వాత వేగమవుతుంది. మీకైతే ఇది ఇలా వర్తిస్తుంది. ఎక్సెల్‌లో ఎక్కడ చెయ్యి ఆగుతోందో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. 'డాలర్ ఎక్కడ పెట్టాలి', 'తేదీలు అక్షరాలుగా మారిపోయాయి' ఇలా. మర్నాడు మొదటి పది నిమిషాలు ఆ పేజీకే.

రెండు మూడు ఫార్ములాలు చేతికొచ్చాక పద్ధతి మార్చాలి. పాఠ్యపుస్తకంలో 'వీలుకప్ లెక్కలు' అని పైన రాసి పది లెక్కలిస్తారు. పదీ చేసేస్తారు, ఎందుకంటే ఏం వాడాలో శీర్షికే చెప్పేసింది. ఆఫీసులో మేనేజర్ గారు శీర్షిక పెట్టి అడగరు. 'జూన్‌లో ఈ పార్టీ మనకెంత ఇచ్చింది' అంటారు. అది వీలుకప్పా, షరతులకు సరిపోయిన అంకెల్నే కూడే సమ్‌ఇఫ్సా, పెద్ద పట్టికను మొత్తాలుగా కుదించి చూపే పివట్ టేబుల్‌తో అయ్యేదా అని పోల్చుకోవడమే సగం పని. అందుకే పన్నెండు చీటీలు కత్తిరించి, ఒక్కో చీటీ మీద మీ ఆఫీసులో నిజంగా వచ్చిన ఒక్కో ప్రశ్న రాయండి. ఫార్ములా పేరు రాయొద్దు. కలిపేసి, రోజుకు మూడు తీయండి. ఒకే రకం వరసగా చేసినప్పటికన్నా ఇది చికాకుగా ఉంటుంది, తప్పులూ ఎక్కువ పడతాయి. పడనివ్వండి.

ఇలా మార్చి మార్చి చేయడం ఎంత లోతుగా పనిచేస్తుందో చెప్పే ప్రయోగం 1978లోనే ఇంకొకటి వచ్చింది. కెర్, బూత్ అనేవాళ్లు ఎనిమిదేళ్ల పిల్లలతో చిన్న గింజల సంచుల్ని గురి చూసి వేయించారు. కొందరు మూడడుగుల దూరం నుంచే వేశారు. ఇంకొందరు ఎప్పుడూ మూడడుగులు ముట్టుకోకుండా, రెండడుగులు, నాలుగడుగులు మార్చి మార్చి వేశారు. పన్నెండు వారాల తర్వాత పరీక్ష మూడడుగుల్లో పెట్టారు. గెలిచింది ఎప్పుడూ మూడడుగుల నుంచి వేయనివాళ్లు! నేను ఇది తెలుసుకున్నాక వారానికోసారి విద్యార్థుల మిషన్లు మార్చడం మొదలుపెట్టాను. ఒక మిషన్ కీలు బరువు, ఒకదానివి తేలిక. అలవాటైన మిషన్ మీదే కొట్టినవాళ్లకు పరీక్ష హాల్లో వేరే మిషన్ కనబడగానే టెన్షన్‌తో చేతులు బిగుసుకుపోయేవి. మార్చినవాళ్లకు ఆ బాధ తగ్గింది.

గుర్తుంచుకోవడం అనేది చేతి పని కన్నా కాస్త వేరు. షార్ట్‌హ్యాండ్‌లో రెండూ ఉంటాయి. పిట్‌మన్ పద్ధతిలో 'ట' ధ్వనికి సన్నని నిలువు గీత, 'డ' ధ్వనికి అదే గీత లావుగా. అది చేతి పని. వీటికి తోడు తరచూ వచ్చే మాటలకు వందల కొద్దీ పొట్టి గుర్తులుంటాయి, అవి కంఠస్థం కావాలి. నేను ఒక అట్టపెట్టెలో ఐదు అరలు చేయించి, ఒక్కో గుర్తు ఒక్కో అట్టముక్క మీద రాయించేవాణ్ణి. ముందు వైపు మాట, వెనక వైపు గుర్తు. మాట చూసి గుర్తు రాయాలి. సరిగ్గా రాస్తే ముక్క తర్వాతి అరలోకి, తప్పితే ఎక్కడున్నా సరే మొదటి అరలోకి. మొదటి అర రోజూ, రెండోది రెండు రోజులకు, మూడోది నాలుగు రోజులకు, నాలుగోది వారానికి, ఐదోది పక్షానికి. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోనులో ఉచితంగా దొరికే ఆంకీ అనే యాప్ ఇదే పని చేసిపెడుతుంది, ఏ ముక్క ఏ రోజు అడగాలో అదే లెక్క వేస్తుంది. ఎక్సెల్ షార్ట్‌కట్ కీల కోసం మీకు బాగా పనికొస్తుంది. మరిచిపోవడానికి కాస్త ముందు అడగడమే ఇందులోని కిటుకు. పొద్దున చూసింది మధ్యాహ్నం మళ్లీ చూస్తే కష్టం లేదు, కష్టం లేదు కాబట్టి లాభమూ లేదు.

జ్ఞాపకశక్తి పెంచే ఆటలు, యాప్‌లు వాడాలా అని కూడా చివర్లో అడిగారు. వద్దంటాను. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒక విద్యార్థికి అంకెలు ఒకసారి చదివి వినిపించి తిరిగి చెప్పించేవారు. మొదట ఏడు అంకెలు చెప్పగలిగేవాడు. ఇరవై నెలల్లో, దాదాపు 230 గంటల సాధనతో, 79 అంకెలకు చేరాడు. ఈ సంగతి 1980లో అచ్చయింది. అతను పరుగు పందేల వాడు. మూడేసి నాలుగేసి అంకెల్ని పరుగు పందెం టైమింగులుగా కట్టుకుని గుర్తుపెట్టుకున్నాడు. అంకెల బదులు అక్షరాలు ఇచ్చి చూస్తే మళ్లీ ఆరు దగ్గరికి పడిపోయాడు. జ్ఞాపకశక్తి అని ఒక కండ ఉండి, అది ఎక్కడ పెంచినా అన్నిటికీ పనికొస్తుందన్నది నిజం కాదు. ఏ రంగంలో కొక్కేలుంటే ఆ రంగంలోనే కొత్త విషయం తగులుకుంటుంది.

మన అవధానులను చూడండి. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని, ఒకరు నిషేధాక్షరి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది, ఇంకొకరు సందు దొరికితే అప్రస్తుత ప్రసంగం. పద్యం ఒక్కో పాదం చొప్పున, విడతలు విడతలుగా నడుస్తుంది. చివర ధారణలో అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్తారు. అదొక దైవదత్తమైన శక్తి అని చేతులు జోడిస్తాం, గౌరవించాల్సిందే. కానీ ఆ పద్యాలు ఆయన కట్టినవి. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర యతి కుదరాలి, ప్రతి పాదంలో రెండో అక్షరం దగ్గర ప్రాస కుదరాలి. జారిపోయిన మాటను ఆ రెండు మేకులే వెనక్కి లాగుతాయి. ఛందస్సు తెలియనివాడికి అదే పద్యం ఎనభై విడివిడి అక్షరాలు.

మీ దగ్గర కూడా మేకులున్నాయి, వయసు ఇచ్చినవి. నిజమే, ఇరవై ఏళ్ల కుర్రాడంత తొందరగా కొత్తది పట్టకపోవచ్చు. కానీ మీరు లెడ్జర్ తిరగేసినవారు. పార్టీ పేరు దగ్గర వేలు పెట్టి, అదే వరుసలో కుడికి జరుపుకుంటూ మూడో గడిలో బాకీ చదవడం మీకు వచ్చు. వీలుకప్ అంటే అదే. ఏ పేరు, ఏ పట్టిక, ఎన్నో గడి, పేరు అచ్చంగా అదే ఉండాలా. ఈ నాలుగు ప్రశ్నలే అందులో నాలుగు భాగాలు. ప్రతి కొత్త ఫార్ములానూ మీరు చేత్తో చేసిన ఏదో ఒక పనికి కట్టండి.

వయసు కన్నా అడ్డొచ్చేది పాత అలవాటు. 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో, 'ఆపిల్' అనే కీల అమరిక మీద పదిహేడేళ్లు పత్రికలకు డీటీపీ చేసినాయన, 51 ఏళ్ల వయసులో యూనికోడ్ కోసం ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే కీల అమరిక నేర్చుకోవడానికి వచ్చారు. ఇన్‌స్క్రిప్ట్‌లో 'క్క' కావాలంటే కె, డి, కె నొక్కాలి. ఆయన వేళ్లు పాత చోటికే పరిగెత్తేవి. మొదటి మూడు వారాలు ఏమీ తెలియని కుర్రాళ్ల కన్నా వెనకబడ్డారు, ఒకరోజు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేను ఒక్కటే షరతు పెట్టాను. ఒకే కూర్చోవడంలో రెండు కీబోర్డులూ ముట్టుకోకూడదు. పొద్దున ఇన్‌స్క్రిప్ట్, మధ్యాహ్నం దాటాకే పాత పని. మూడో నెలకు పాత వేగంలో ముప్పాతిక వంతు వచ్చింది.

ఇప్పటిదాకా చూసి మరిచిపోయిన వీడియోలన్నీ దండగైపోయాయని మాత్రం అనుకోకండి. 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల ముక్కల్ని తానే కంఠస్థం చేసి, మరిచిపోయి, మళ్లీ నేర్చుకుంటూ లెక్కలు కట్టాడు. మరుపు మొదటి గంటల్లోనే నిట్టనిలువుగా పడిపోతుందని, తర్వాత నెమ్మదిస్తుందని చూపాడు. నెల తర్వాత కూడా రెండోసారి నేర్చుకోవడానికి మొదటిసారి కన్నా ఐదో వంతు తక్కువ శ్రమ పట్టింది. పూర్తిగా పోయిందనుకున్నది కూడా అడుగున కొంత మిగిలే ఉంటుందన్నమాట. పెళ్లితో టైపు మానేసిన ఒకావిడ పదకొండేళ్ల తర్వాత మళ్లీ వచ్చి, ఏమీ గుర్తులేదని మొదటి పాఠం నుంచి మొదలుపెట్టమన్నారు. తువాలు కప్పాను. నాలుగో రోజుకు పంక్తులు కొడుతున్నారు.

రేపు ఆదివారం వీడియో పెట్టకండి. ఖాళీ షీటు తెరిచి, కిందటి వారం చూసినదాంట్లో ఏది వస్తుందో ముప్పావు గంట ప్రయత్నించండి. ఎక్కడ ఆగిందో రాసుకోండి. సోమవారం నుంచి రోజుకు నలభై నిమిషాలు. మూడు వారాలయ్యాక ఇంకా ఏ చోట చెయ్యి తడబడుతోందో నాకు రాయండి, దానికి తగిన చిన్న అభ్యాసాలు నేనే తయారుచేసి ఇస్తాను.